నావ అడుగున గుగ్గిలము

గోదావరి నౌకాయానమును గూర్చి వ్రాయువారు ధవళేశ్వరపు ఆనకట్టతో మొదలిడి, కాటన్ దొర సంకల్పమును కొనియాడి, దుమ్ముగూడెము దగ్గర సగములో నిలిచిన రాతికట్టడములను చూచి నిట్టూర్చి, స్టీమర్ల రాకపోకలతోను రైలువంతెనతోను ఆ కథను ముగించుట పరిపాటియైనది. ఆ కథ సత్యమే. దానిలో కొరత కలదని మాత్రము నాకు చిరకాలముగ తోచుచున్నది. రాజమహేంద్రవరమునుండి భద్రాచలము వరకు, అచ్చటినుండి దుమ్ముగూడెము వరకు, శబరిమీదుగ కూనవరమునుండి కుంట వరకు ఉప్పును, ధాన్యమును, చింతపండును, సీతారాముల కల్యాణమునకు పోవు యాత్రికులను మోసిన నావలు ఏటికొకమారు ఇసుకతిన్నెమీదికి ఎక్కి, ఒక ప్రక్కకు ఒరిగి పడియుండి, అడుగు గీకించుకొని, అతుకులు కూరించుకొని, గుగ్గిలమో తారో పూయించుకొననిదే మరల నీటిలో దిగుట లేకుండెను. ఆ పని చేసినవారి పేర్లను ఎవరును వ్రాసి ఉంచలేదు. ఆ పని జరిగిన నెలలను ఇంజనీర్లు నష్టకాలముగ లెక్కవేసికొనిరి. నది ఎండిన నెలలలో నౌకాయానము నిద్రించునని వారి భావము. పడవవానికో, ఏడాదిలోకెల్ల చేతినిండ పనియుండు నెలలు అవియే. ఇచ్చట చెప్పదలచినది ఆ నెలల చరిత్ర.

ముందుగా భద్రాచలము చుట్టునున్న ఈ సీమ నైసర్గికస్వరూపమును చెప్పుకొనవలెను, ఏలయనగా పడవ అడుగునకు వలసిన సరకులలో ఎక్కువభాగము ఆ సీమయే ఇచ్చినది. ఎడమగట్టున తాలిపేరు, కుడిగట్టున కిన్నెరసాని, మరికొంత దిగువన కూనవరము దగ్గర శబరి గోదావరిలో కలియును. ఆపై ఇరువైపుల కొండలు దగ్గరకు జరిగి, పాపికొండల ఇరుకున నదిని బంధించి, పోలవరము దగ్గర మైదానములోనికి విడుచును. 1860లో నిజాము ఎడమగట్టున ఉన్న తాలూకాలను ఇంగ్లీషువారికి వదలుకొనగా, వారు వానిని మొదట ఎగువగోదావరి జిల్లాగా మధ్యపరగణాలలో చేర్చి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చిరి. కుడిగట్టున ఉన్న పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతములు మాత్రము 1948 వరకు నిజాము ఏలుబడిలోనే ఉండెను. ఈ విధముగ ఒకే నదికి ఒక గట్టున ఇంగ్లీషు రూపాయి, రెండవ గట్టున నిజాము నాణెమైన హాలీసిక్కా చెల్లుచుండెను. ఒక గట్టున మద్రాసు అటవీశాఖ, రెండవ గట్టున నిజాము సుంకపుశాఖయగు కరోడ్‌గిరీ బంట్రోతు కాచియుండెను. పడవకు టేకుమాను ఒక గట్టునుండి, నూనె రెండవ గట్టునుండి, గుగ్గిలము శబరి ఎగువనుండి కావలసియున్నను, పడవవాడు ఈ సరిహద్దులన్నిటిని దాటి వానిని సమకూర్చుకొనవలసినవాడే. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడి, 1959లో భద్రాచలము దానిలో కలిసిన తరువాత గాని ఈ రెండు గట్లు ఒక కలెక్టరు క్రిందికి రాలేదు.

ఈ సీమ అడవి ప్రధానముగ టేకు అడవి. నావ అడుగునకు టేకును మించిన మాను లేదని మనవారు ఎరుగుదురు. అది నీటిలో ఉబ్బుట తక్కువ, ఎండలో పగులుట తక్కువ, దానిలోని సహజమైన నూనె మేకును త్వరగా తుప్పు పట్టనీయదు. మద్ది బలమైనదే కాని బరువైనది. పచ్చిమద్ది దుంగ నీటిలో మునుగును గనుక దానిని దిగువకు చేర్చుటకు వెదురుమోపులు ప్రక్కల కట్టి తెప్పగ తేల్చవలసివచ్చెడిది. ఆ వెదురును నరికి, ఆ తెప్పలను కట్టి, పాపికొండల సుడులు దాటించి రాజమహేంద్రవరము చేర్చినవారిలో కొండరెడ్లు ముఖ్యులు. మైదానపు కలపవర్తకుల క్రింద వారు పడిన పాటులను 1945లో ప్రకటితమైన తన గ్రంథములో హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు విపులముగ వర్ణించినాడు. కలపను దింపిన ఈ మార్గముననే నావలు ఎగువకు ఎక్కినవి.

అడవిలో దొరకు బంకలన్నియు పడవకు పనికిరావు. కోయలు తపసిచెట్టుకు గాటుపెట్టి తీయు బంక, తిరుమానుబంక నీటిలో నానినచో ఉబ్బి జావయగును. అవి మందులకును మిఠాయిలకును ఉపయోగపడునే గాని నీటిని అడ్డలేవు. నీటిలో కరగక నూనెలో కరగు జిగురు కావలెను, అదియే గుగ్గిలము. దానిని ఇచ్చు సాలవృక్షములు ఈ సీమకు ఉత్తరమున, శబరి పుట్టినిండ్లయిన జయపురము కొండలలోను, బస్తరులోను దట్టముగ పెరుగును. ఖమ్మము అడవులలో అందుగుచెట్టు కారు కొండసాంబ్రాణి లేకపోలేదు. అది ధూపమునకు శ్రేష్ఠము, అతుకులకు మాత్రము మెత్తన. నూనె విషయములో ఈ సీమకు కొదువ లేదు. ఇప్పగింజల నూనె, కానుగనూనె, ఆముదము మూడును ఇచ్చటివే. ఈ మూడింటికిని ఒక గుణము కలదు: గాలి తగిలినను అవి గట్టిపడవు. అవిసెనూనె పూసినచో నాలుగునాళ్ళలో పొరగట్టి పెళుసెక్కును. అది రంగులు కలుపుటకు మంచిది. అతుకులోని గుగ్గిలము, చెక్క కదలినపుడెల్ల తానును కదలవలెను గనుక, ఎన్నటికిని ఆరని నూనెయే దానికి తగినది. ఇక సందులలో కూరుటకు అడవినుండి అడ్డనార, పొలమునుండి జనుపనార, గోగునార, కోనసీమనుండి కొబ్బరిపీచు, ఇవేవియు లేనినాడు ఇంటి దూది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి బంకలను, ఇప్పగింజలను, చింతపండును నిర్ణీతధరకు కొనుట మొదలిడువరకు ఈ వ్యాపారము సంతలలోని షావుకారుల చేతిలో ఉండెను. ఉప్పునకును గుడ్డకును బదులుగ అడవిసరకును కొలిచి ఇచ్చి కోయవాడు ఎంత నష్టపోయెనో చెప్పుటకు ఇది తావు కాదు గాని, ఆ నష్టములో కొంతభాగము మన నావల అడుగున పూతయై ఉన్నదని మరువరాదు.

పని మొదలగు కాలమునకు నదియే ముహూర్తము పెట్టును. మాఘము గడచిన తరువాత నీరు పాయలుగ చీలి, ఇసుకతిన్నెలు పైకి తేలగా, పెద్దనావలు నిలిచిపోవును. శ్రీరామనవమి చైత్రములో వచ్చుటచే, యాత్రికులను మోయుటకు లోతు తక్కువ మునుగు చిన్ననావలను మాత్రము గెడలతో నెట్టుచు, చాలనిచోట దిగి త్రాళ్ళతో లాగుచు ఎగువకు తెచ్చెడివారు. ఆ యాత్రలో అడుగు ఇసుకకును రాతికిని రాపిడి పడి, ఏడాది పొడుగునను పడని దెబ్బ ఆ పక్షములో తినుటచే, కల్యాణము ముగిసి యాత్రికులు ఇండ్లు చేరగానే చిన్ననావలు కూడ గట్టెక్కవలసివచ్చెడిది. అచ్చటినుండి మృగశిరకార్తె వరకే గడువు. ఆషాఢములో ఎర్రనీరు దిగినప్పుడు నావ సిద్ధముగ లేనిచో ఆ ఏటి సంపాదనలో సగము పోయినట్లే.

తాటిదుంగలు పరచి, పగ్గములు బిగించి, ఊరి మగవారందరును చేయివేసి నావను తిన్నెమీదికి లాగుదురు. ఒక ప్రక్కకు ఒరిగించి గుంజలు ఆనించిన తరువాత నీరు తాకిన భాగమంతయు వెలుగులోనికి వచ్చును: పచ్చని పాచి, నత్తగుల్లలు, పాతపూత పెచ్చులు. బాడిస అంచుతో దానిని గీకి, ఎండుతాటాకుల మంటను చెక్కకు దగ్గరగ, అంటీ అంటకుండ త్రిప్పుదురు. ఆ వేడికి పాతగుగ్గిలము మెత్తబడి ఊడివచ్చును, పగుళ్ళలోని పురుగు చచ్చును, చెమ్మ ఆరును. పిదప అనుభవజ్ఞుడైన ముదుసలి ఒకడు కొయ్యసుత్తితో ప్రతి పలకను తట్టుచు పోవును. గట్టిచెక్క మ్రోగును, లోన చివికిన చెక్క మ్రోగదు. కొన్నిచోట్ల దీనికి మారుగ నావలోనే కడవలతో నీరు పోసి, బయట ఏ అతుకు చెమర్చునో చూచి బొగ్గుతో గుర్తు పెట్టుదురు. బయటినుండి లోనికి వచ్చు నీటిదారిని లోనినుండి బయటికి వెదకు ఈ ఉపాయము ఎంత సులభమో అంత నిక్కమైనది.

గుర్తుపెట్టిన సందులలోని పాతనారను కొంకి ఇనుముతో పెరికి, క్రొత్తనారను వదులుగ పేని, మొద్దు ఉలితో లోనికి దిగగొట్టుదురు. పనితనమంతయు ఇచ్చటనే ఉన్నది. నార చాలనిచో నీరు కారుట అందరికిని తెలియును. నార ఎక్కువైనచో కలుగు హాని పనివానికే తెలియును. ఎండలో ముడుచుకొనియున్న చెక్క నీటిలో దిగి ఉబ్బినపుడు, సందులో దానికి చోటు లేనిచో, పలకలు ఒకదానినొకటి నెట్టుకొని మేకులను పెరికివేయును. కాబట్టి వైశాఖపు ఎండలో కూరువాడు శ్రావణపు నీటిని మనసులో పెట్టుకొని చేయి ఆపవలెను.

మరియొకవైపున మూడురాళ్ళ పొయ్యిమీద ఇనుపమూకుడులో గుగ్గిలము కాగుచుండును. పొడిచేసి జల్లించిన గుగ్గిలమును సన్నసెగమీద కరగించి, నూనెను ధారగ పోయుచు కలుపుదురు. మంట పెరిగినచో మూకుడే అంటుకొనును గనుక, తడిగోనెయు ఇసుకకుప్పయు ప్రక్కనే ఉంచుకొందురు. పాకము చూచుటకు ఒక బొట్టు చల్లనీటిలో వేసి, తీసి, వ్రేళ్ళతో వంచుదురు: పెళుసుగ విరిగినచో నూనె చాలలేదు, అంటుకొని సాగినచో గుగ్గిలము చాలలేదు, వంగి, విడువగానే మరల నిలిచినచో దింపవచ్చును. తూకము, కొలత ఎవరును అడుగరు. ఏలయనగా ప్రతి సంతలోను గుగ్గిలపు నాణ్యము వేరు, ప్రతి గానుగలోను నూనె చిక్కదనము వేరు. ఆ వేడిపాకమును చిన్నగరిటెతో సందుల పొడుగున పోసి, ఆరకముందే తడిచేతితో అదిమి, అడుగంతటను పలుచగ పూయుదురు. క్రొత్తపూత నల్లగ మెరయుచున్న నావను కొన్నాళ్ళు నీడన ఉంచి, నది పెరుగగానే దింపుదురు. మొదటి రెండు మూడు దినములు కొంత నీరు ఊరుటయు, చెక్క ఉబ్బి అది తనంతట నిలుచుటయు సహజము. ఆ నీటిని తోడుటకు కుర్రవారిని నియమింతురు.

ఒకేమాను తొలిచిన దోనెలకు అతుకులు లేవు గాని ఎండకు పగులునను భయము కలదు. అందుచే వేసవిలో పనిలేనప్పుడు వానిని రాళ్ళతో బరువెక్కించి మడుగులో ముంచివేయుదురు. నీటిపైన తేలవలసినదానిని కాపాడుటకు నీటిలోనే ముంచుట క్రొత్తవానికి వింతగ తోచును. తడిచెక్క పగులదని తెలిసినవానికి అందులో వింత లేదు.

ఈ విద్య ఎంత ప్రాచీనమో చెప్పుటకు గోదావరి ఎగువభాగమున శాసనాధారములు లేకున్నను, మన తీరమునకు సంబంధించిన కొన్ని సాక్ష్యములు కలవు. భోజరాజకృతముగ ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు సముద్రనౌకల పలకలను ఇనుముతో కూర్పరాదని శాసించుచు, సముద్రములోని అయస్కాంతశిలలు ఆ నౌకలను ఆకర్షించునని కారణము చెప్పినది. కారణము నిలువదు, ఆచారమునకు మాత్రము బలమైన ఆధారము కలదు. త్రాటితో కుట్టిన పలకలు అలల తాకుడుకు విరుగక వంగును. మన కోరమండల తీరపు మసూలాపడవ నిన్నమొన్నటివరకు అట్టిదే. అలలు లేని నదిమీద ఆ వంగుడుతో పనిలేకపోవుటచే నదినావలు మేకులనే నమ్ముకొన్నవి. ఓరుగల్లు కాకతీయులలో గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వర్తకులకు అభయశాసనము వ్రాయించెను. గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు అపహరించు పూర్వాచారమును అందు ఆయన మాన్పించెను. ఖమ్మము సీమ ఆనాడు ఆ రాజ్యములోనిది. ఆ శతాబ్దాంతమున అదే రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో, హిందూమహాసముద్రముమీద తిరుగు పెద్ద ఓడలను గూర్చి చెప్పుచు, వానికి తారు దొరకదు గనుక సున్నమును, సన్నగ తరిగిన జనుపనారను, చెట్టునూనెను కలిపి దంచి అడుగున పూయుదురనియు, ఏడాది తిరిగిన తరువాత పాతపలకలమీద క్రొత్తపలకల పొరను కొట్టుదురనియు వ్రాసినాడు. సున్నము, నూనె, నార అను ఈ మూడింటి మేళవింపు మన కోరంగి, తాళ్ళరేవు వడ్రంగులకు క్రొత్తది కాదు.

కోరంగినుండి భద్రాచలము వరకు నీరొకటే గాని శత్రువు వేరు. సముద్రముఖమున ఉప్పునీటిలో చెక్కను తొలుచు పురుగు కలదు. అది ఒకటి రెండు ఏండ్లలో టేకుపలకనైనను జల్లెడ చేయగలదు. పాశ్చాత్యులు 18వ శతాబ్దమున ఓడల అడుగునకు రాగిరేకులు కొట్టుట నేర్చినది ఈ పురుగునకు వెరచియే. మంచినీటిలో ఆ పురుగు బ్రతుకదు. కాకినాడ కాలువలలో ఉప్పుటేరు తాకివచ్చిన పడవ గోదావరి మంచినీటిలో కొన్నాళ్ళు నిలిచినచో పురుగు పీడ దానంతట విరుగును. ఎగువ గోదావరి నావకు శత్రువులు వేరు: రాయి, ఇసుక, మే నెల ఎండ. అందుచే సున్నపుపూత దిగువవారిది, గుగ్గిలపుపూత ఎగువవారిది అని స్థూలముగ చెప్పవచ్చును. సున్నము పురుగును అడ్డును గాని రాతితాకుడుకు పెచ్చులూడును, గుగ్గిలము వంగి తట్టుకొనును.

ఇట్టి స్థితిలో కాటన్ దొర వచ్చెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన పిదప, ఆయన దృష్టి ఎగువకు ప్రసరించి, నాగపురపు ప్రత్తిని గోదావరిమీదుగ కాకినాడకు దింపవలెనను మహాప్రయత్నమునకు దారితీసినది. రాళ్ళు అడ్డగించు మూడు తావులలో మొదటిది దుమ్ముగూడెము; భద్రాచలమునకు ఎగువన సుమారు 15 మైళ్ళ దూరము. అచ్చట హెయిగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున ఆనకట్టయు, లాకులతో కాలువయు నిర్మితమైనవి. కాని 1867లో రైలు నాగపురము చేరినది. 1871లో ప్రభుత్వము ఎగువగోదావరి పనిని విడిచిపెట్టినది. ఆ కట్టడమును విఫలప్రయత్నమని పలువురు వ్రాసిరి. నాకు తోచునది కొంత వేరు. ఆ ప్రణాళికలో నదిని పండ్రెండు నెలలును పడవలకు తెరచి ఉంచవలెనను ఆశ కలదు. నీరు తగ్గిన నెలలు పోయినచో పడవ ఎప్పుడు గట్టెక్కును, ఎచ్చట ఆరును, ఎవరు దానిని గీకుదురు అను విచారము ఆ లెక్కలలో ప్రధానస్థానము పొందలేదు. నది ఎండుట, పడవ ఆరుట అను రెండును ఒకదానిలో ఒకటి ఇమిడిన ఏర్పాటు. దానిని నది తాను చేసినది, పడవవాడు గ్రహించినాడు. ఇంజనీరు మహాశయుల ప్రతిభను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. ఆ లాకుల రాతిపని చూచినవారికి చేతులెత్తి మ్రొక్కవలెననిపించును. దుమ్ముగూడెములో నివసించి ఈ ఎడమగట్టు తాలూకాలను గూర్చి 1876 ప్రాంతమున ఇండియన్ యాంటిక్వెరీ పత్రికకు వ్రాసిన జాన్ కెయిన్ అను మిషనరీ కోయల ఆచారములను, భాషను శ్రద్ధతో సేకరించెను. అంతటి శ్రద్ధ రేవులోని పనిమీద ఎవరైన చూపియుండినచో నేడు మనకు ఈ కొరత ఉండకపోవును.

స్టీమర్లతో క్రొత్తపూత వచ్చినది. ఇనుపఅడుగునకు ఉబ్బుట లేదు, ముడుచుకొనుట లేదు, నారతో పనిలేదు. దాని రోగము తుప్పు. దానికి సిందూరవర్ణపు సీసపురంగు ఒక పొర, దానిపై నేలబొగ్గుతారు మరియొక పొర. 19వ శతాబ్దమున ఐరోపానగరములలో దీపములకు బొగ్గునుండి వాయువును తీయుచుండగా మిగిలిన నల్లని మష్టు ఈ తారు. అక్కరలేని వస్తువు గనుక చవుక, చవుక గనుక పీపాలతో ప్రపంచమంతటికిని ప్రాకినది. చెక్కనావలవారు కూడ దీనిని త్వరగా చేపట్టిరి, ఏలయనగా పాకము చూడనక్కరలేదు, కాచి పూసినచో చాలును, చెదలు దరిచేరవు. ఎల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ కనుగొన్న బొగ్గు సింగరేణి గనులై, 1886 తరువాత ఈ సీమ ముఖమునే మార్చివేసినది. అయితే నావలవారు పూసిన తారు పీపా రేవులనుండి, బజారులనుండి వచ్చినదే. ఇందువలన కలిగిన మార్పును ఎవరును గమనించినట్లు కానరాదు. గుగ్గిలము సంతనుండి వచ్చినంతకాలము రేవునకును అడవికిని మధ్య ఒక బేరము, ఒక పరిచయము ఉండెను. తారు డబ్బా వచ్చిననాటినుండి ఆ దారిన గడ్డి మొలిచినది. పూతలోను భేదము కలదు. తారు ఎండకు కరగి కారును, చలికి బిగిసి పగులును. సందులో గుగ్గిలమును, పైన తారును వాడినవారే తెలివిగలవారని ముదుసళ్ళు అందురు, నేనును ఆ మాటతో ఏకీభవింతును.

1917నాటి దేశాంతర్గత జలమార్గముల స్టీమర్ల చట్టము ప్రతి యంత్రనౌకకును అడుగు, యంత్రము పరీక్షింపించి పత్రము పొందవలెననియు, ఆ పత్రము ఏడాదికి మించి చెల్లరాదనియు విధించినది. ఏటికొకమారు అడుగు చూడవలెనను నియమమును చెక్కనావలవారు అంతకు ఎంతో ముందునుండియు, ఏ అధికారి హెచ్చరికయు లేకయే పాటించుచుండిరి.

నీటిమీదనే కాదు, నేలమీద కూడ భద్రాద్రికి పోవువారు తమ ఇంటిని వెంటబెట్టుకొని పోయెడివారు. నేలకొండపల్లి, ఖమ్మము, పాల్వంచ మార్గమున గూడుబండ్లు బారులుతీరి వచ్చెడివి. వెదురుబద్దల గూడుపై చాప కప్పి, లోన గడ్డి పరచి, పిల్లలను, బియ్యపుమూటను, వంటపాత్రలను సర్దుకొని, రాత్రి ఏ చెట్టుక్రిందనో ఎడ్లను విప్పి, బండిక్రింద వడ్డించుకొని తిని, బండిలో నిద్రించెడివారు. ఆ బండి క్రిందిభాగము కూడ ప్రయాణమునకు ముందు సిద్ధము కావలసినదే. ఇరుసునకు పూయు కందెన ఆముదములో కాల్చిన గడ్డిమసి కలిపి చేసినది. దానిని వెదురుగొట్టములో నింపి బండిక్రిందనే వ్రేలాడదీసికొందురు. కిన్నెరసాని వాగులో దిగి, ఎక్కవలసిన బండి గనుక, అడుగుపలకలకు ఎండలో ఆముదమో కానుగనూనెయో రుద్ది పీల్పించుటయు కలదు. ఇరుసు అరచిన బండిని చూచి తోటివారు నవ్వెడివారు. గోదావరి గట్టు చేరిన తరువాత బండి బల్లకట్టు ఎక్కవలెను: రెండు నావలను జతచేసి, పైన పలకలు పరచి, ఎడ్లతోసహా బండిని, తరువాతి కాలములో మోటారుకారును కూడ దాటించిన సాధనమది. బల్లకట్టు క్రింది నావలకు వచ్చు బరువు మామూలు నావకు రాదు. దాని అతుకులు ముందుగ వదులగును. అందుచే దాని అడుగును ఏటికి రెండుమార్లు చూచుట అవసరమయ్యెడిది.

1965లో భద్రాచలము దగ్గర గోదావరిమీద వంతెన తెరువబడినది. బల్లకట్టు ఆనాటితో పోయినది. రాజమహేంద్రవరపు లాంచీలు మరికొన్ని దశాబ్దములు నిలిచి, క్రమముగ సరకును లారీకి వదలి, విహారయాత్రికులను నమ్ముకొన్నవి. బాపు తీసిన అందాలరాముడు చిత్రము 1973లో ఈ నదీయాత్రను తెలుగువారందరికిని చూపించినది. గూడుబండి స్థానమును ట్రాక్టరు ట్రక్కు ఆక్రమించినది. రెండేండ్లకొకమారు మేడారపు జాతరకు ట్రక్కుపై వెదురుబద్దలు వంచి, టార్పాలిను కప్పి, సంసారమంతయు అందులో కాపురముండి పోవువారిని ఈనాటికిని చూడవచ్చును. ఆ ట్రక్కు అడుగునకు షెడ్డులో తుప్పు గీకి, రెడాక్సైడు ఒక పొర కొట్టి, పైన నల్లని బిటుమెను పెయింటు పూయుదురు. బురదచక్రములు చిమ్మిన రాయి తగిలి పూత ఊడినచోటనే తుప్పు మొదలగుటయు, వెల్డింగు అతుకుల వెంబడి నీరు నిలుచుటయు వారికి తెలిసిన విషయములే. అతుకును ముందుగ మూసి, పిమ్మట రంగు పూయవలెనను క్రమమును వారు ఏ నావికునినుండియు నేర్వలేదు, లోహమే నేర్పినది.

లాంచీలు నేడు ఉక్కువి. పోచవరము రేవున వేసవిలో గట్టెక్కిన లాంచీక్రింద సరంగు, కళాసీలు ఇనుపబ్రష్షులతో గీకుచుండుట, ఎర్రపూత ఆరిన పిదప నల్లపూత పూయుట చూడవచ్చును. చేపలవారి దోనెలలో చాలవరకు ఫైబరువి. పగిలినచో డబ్బాలోని రెసినుతో అతుకుదురు. వైకుంఠ ఏకాదశికి ముందునాటి సాయంకాలము సీతారామలక్ష్మణులు హంసవాహనారూఢులై గోదావరిలో విహరించు తెప్పోత్సవమునకు వేలాది భక్తులు గట్టున నిలుతురు. ఆ హంస పూలతోను దీపములతోను వెలుగుటకు ముందు, దానిని మోయు తెప్పను తనిఖీ చేసి, తేలించి, బరువు చూచి ఒప్పగించువారు పల్లెకారులే. ఉత్సవవర్ణనలలో వారి మాటను చేర్చుట ధర్మమని నా మనవి.

1986 ఆగస్టులో భద్రాచలము దగ్గర నీటిమట్టము 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. అట్టి దినములలో రోడ్డు మునిగి, లారీ నిలిచి, ఊరూరికిని పడవయే దిక్కగును. అడుగు బాగుగ ఉన్న పడవలు ఎన్ని ఉన్నవను లెక్క అప్పుడు గాని అవసరమునకు రాదు. 2014లో కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశములో కలిసినవి; పోలవరము జలాశయము 150 అడుగుల పూర్తిమట్టమునకు నిండినచో శబరీసంగమపు పాతరేవులు, ఇసుకతిన్నెలు నీటిక్రిందికి పోవును. గుగ్గిలపు పాకము చూడగల ముదుసళ్ళు ఇంకను అచ్చటచ్చట కలరు. పునరావాసకాలనీలకు తరలుచున్న ఆ కుటుంబములనుండి ఉలులను, కొంకులను, మూకుడులను సేకరించి, ఒక పాతనావనైనను పలకలు, అతుకులు కొలిచి పటము గీయించుట రాజమహేంద్రవరములోని సంస్థలకో, భద్రాచలపు గిరిజన సంక్షేమశాఖకో అసాధ్యమైన పని కాదు. వేసవిలో నది తగ్గిన రెండు నెలలు దానికి చాలును.